కోపెన్‌హేగన్‌లో ఎత్తుకున్న బిడ్డ

శుక్రవారం ప్రార్థన ముగిశాక కువైట్‌లో, ఖైతాన్ పేటలోని పాల్‌రాజు గదిలోంచి ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. ఎందుకు లేస్తారు మరి, పాల్‌రాజు అక్క రత్నమణి ఐరోపా చూసి వచ్చిందాయె. ఈ ప్రార్థన గుంపులో ఒక ఆనవాయితీ ఉంది. జబ్బు నయమైనా, ఆగిపోయిన ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, చేతికొచ్చినా, దూరప్రయాణం చేసి క్షేమంగా తిరిగొచ్చినా ఆ మనిషి నలుగురి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఏం జరిగిందో, అందులో దేవుడు తనకేం మేలు చేశాడో చెప్పి అప్పుడు కూర్చోవాలి. గదిలో ఉన్న ఇరవై మందిలో సగం కోనసీమ నుంచి వచ్చి అరబ్బుల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. మిగతా సగం పాల్‌రాజుతో పాటు షుఐబా ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు పనికి వెళ్లే మగవాళ్లు. సొంత ఊరూ కువైటూ తప్ప మూడో చోటు ఎరగరు. అందుకే బిరియానీ గిన్నె మూత కూడా తియ్యకుండా రత్నమణి మొహంలోకి చూస్తూ కూర్చున్నారు.

రత్నమణికి నలభై రెండేళ్లు. మంచి మాటకారి. ఎనిమిదేళ్లుగా కువైట్‌లో ఉంది, అందులో నాలుగేళ్లు ఫహాహీల్ దగ్గర ఒకే ఇంట్లో. ఆ ఇంటివాళ్లు ఏటా ఎండలు ముదరగానే ఏదో ఒక చల్లటి దేశానికి పోతారు. ఈసారి పిల్లవాడు నాసర్ కోసం రత్నమణిని కూడా వెంటబెట్టుకుని డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌కి తీసుకెళ్లారు. పదిహేను రోజులు.

ఆవిడ మొదలుపెట్టిందంటే ఇక చూడాలి. ఇక్కడ నలభై తొమ్మిది డిగ్రీల్లో మాడిపోతూ విమానం ఎక్కితే, అక్కడ దిగేసరికి పళ్లు టకటకలాడాయట. ఆగస్టు నెలలో కోటు వేసుకుని తిరిగానంటే నవ్వారు. రాత్రి తొమ్మిదింటికి కూడా ఆకాశంలో వెలుగు తగ్గదట, నాసర్‌ని నిద్రపుచ్చడానికి కిటికీలకు దుప్పట్లు కట్టాల్సి వచ్చిందట. రోడ్డు మీద కార్ల కంటే సైకిళ్లు ఎక్కువ. సూటూ బూటూ వేసుకున్న దొరలు సైకిల్ తొక్కుతున్నారట. ఒకావిడైతే సైకిల్ ముందు పెట్టె బిగించి, అందులో ఇద్దరు పిల్లల్నీ ఒక కుక్కనీ కూర్చోబెట్టి తొక్కుకుంటూ పోయిందట. రోడ్డు ఖాళీగా ఉంటుంది, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క బండి రాదు, అయినా పచ్చ లైటు పడేదాకా జనం అడుగు కదపరు. బస్సులో నలభై మంది ఉన్నా ఒక్కరూ మాట్లాడరు. మొదటిరోజు ఆ బస్సెక్కి, పాపం వీళ్లలో ఎవరో పోయినట్టున్నారు అనుకున్నానని చెబితే గదంతా గొల్లున నవ్వింది.

సముద్రం ఒడ్డున రాయి మీద కూర్చున్న చేపపిల్ల లాంటి అమ్మాయి విగ్రహం గురించి కూడా చెప్పింది. దాన్ని చూడ్డానికి బస్సుల కొద్దీ జనం వస్తారు. తీరా చూస్తే అది మన ఎత్తు కూడా లేదు. ఇంటి యజమాని బాబా వాళ్లమ్మగారు అక్కడే నిలబడి, దీనికోసమా నా మోకాళ్లు అరగదీశారు అని తిట్టిపోసిందట. కాలవ పక్కన ఎర్రవీ పచ్చవీ పసుపువీ రంగురంగుల మేడలు, వాటి ముందు పడవలు, పడవల్లో చొక్కాల్లేకుండా ఎండ కాచుకునే మగవాళ్లు. మనం ఎండని చూసి పారిపోతాం, వాళ్లు ఎండ ఎక్కడుంటే అక్కడికి కుర్చీ జరుపుకుంటారు అంది. ఫొటోలు చూపించమంటే ఫోను తీసింది. అన్నిట్లోనూ నాసరే. నువ్వేదమ్మా అంటే, ఫొటోలు తీసేది నేనే కదా, నేనెక్కడ పడతాను అంది.

అంతవరకూ బాగానే నడిచింది. కాలవ పక్కన కాఫీ కొట్ల దగ్గరికి వచ్చేసరికి రత్నమణి మాట ఆగింది. కొంగు సర్దుకుని, దేవునికి స్తోత్రం అని చటుక్కున కూర్చుంది. దేవుడు చేసిన మేలు చెప్పనే లేదు. బిరియానీ మీద ధ్యాసలో పడి జనం అది పట్టించుకోలేదు. పాల్‌రాజు మాత్రం పట్టించుకున్నాడు. వీళ్లిద్దరూ తల్లి పోయాక ఒకరినొకరు పట్టుకుని పెరిగినవాళ్లు. అందరూ వెళ్లాక గిన్నెలు తోముతున్న అక్క పక్కన చేరి, ఏం జరిగిందని నెమ్మదిగా అడిగాడు. అప్పుడు చెప్పింది, కుళాయి కట్టకుండానే.

పదో రోజు సంగతి. మామా, అంటే ఇంటి యజమానురాలు, అత్తగారితో కలిసి ఒక బట్టల కొట్లోకి వెళ్లింది. ఆవిడ భర్త బాబా నాసర్‌ని భుజాన వేసుకుని పడవలు చూపించడానికి వెళ్లాడు. రత్నమణి ఖాళీ పిల్లల బండినీ పది సంచుల్నీ కాపలా కాస్తూ నిలబడింది. ఎదురుగా ఒక కాఫీ కొట్టు. దాని గోడ పక్కన పెద్ద పెద్ద చక్రాలతో నల్లటి పిల్లల బండి ఒకటి ఉంది. చుట్టుపక్కల మనిషి లేడు. లోపల్నించి ఏడుపు.

మొదట పట్టించుకోలేదు, తల్లి వస్తుందిలే అనుకుంది. తల్లి రాలేదు. ఏడుపు పెద్దదైంది. దారిన పోయేవాళ్లు పోతూనే ఉన్నారు, ఒక్కళ్లూ తల తిప్పి చూడలేదు. కొట్టు అద్దాల వెనక ఆడవాళ్లు కాఫీ తాగుతున్నారు, వాళ్లూ చూడలేదు. రత్నమణి వెళ్లి తొంగి చూసింది. నాలుగు నెలల పసిగుడ్డు, ఏడ్చి ఏడ్చి కందిపోయి, ముక్కు చివర చల్లగా. ఎవరో దిక్కుమాలినది కని పారేసి పోయింది అనుకుంది. అనుకోదా? మన వైపు ఏడ్చే బిడ్డని ఎత్తుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రైల్లో, బస్టాండులో, పెళ్లిలో, ఎవరి బిడ్డ ఏడ్చినా దగ్గరున్న ఆడది ముందు ఎత్తుకుంటుంది, ఎవరి బిడ్డో తర్వాత కనుక్కుంటుంది. రత్నమణి కూడా అదే చేసింది. అక్కడ గాలి కొడుతోందని, పది అడుగులు నడిచి మలుపు తిరిగి, ఎండ పడుతున్న బల్ల మీద కూర్చుంది. ఆ మలుపే కొంప ముంచింది.

భుజాన వేసుకుని వీపు తడుతూ, నాసర్‌కి పాడే జోలపాటే పాడింది. బిడ్డ ఏడుపు ఆపింది. ఆ క్షణాన రత్నమణికి ఎంత సంతోషం వేసిందనుకున్నారు! పది రోజులుగా భాష తెలియని ఊళ్లో, సంచులు మోస్తూ వెనకాల నడిచిన మనిషికి, ఇదిగో ఇక్కడ నాకు చేతనైన పని ఒకటుంది అనిపించింది. పిచ్చి మొహం, నవ్వుకుంటూ కూడా కూర్చుంది.

అప్పుడు వినబడింది ఆ కేక. ఖాళీ బండి ముందు నిలబడి ఒక తల్లి వేసిన కేక అది. రత్నమణి బిడ్డతో లేచి ఎదురెళ్లింది, ఇదిగో అని. ఆ తల్లి బిడ్డని లాక్కున్న తీరుకి రత్నమణి గాజు పగిలింది. క్షణాల్లో జనం చుట్టుముట్టారు. అరబ్బీలో చెప్పింది, హిందీలో చెప్పింది, చివరికి తెలుగులోనే చెప్పేసింది. బేబీ క్రై, బేబీ క్రై అని అవే రెండు ముక్కలు ఎన్నిసార్లు అందో ఆవిడకే తెలీదు. పోలీసులు వచ్చారు. బాబా పరుగెత్తుకుంటూ వచ్చాడు, వెనకే మామా వచ్చింది. పాస్‌పోర్టులు తీసుకున్నారు, పేర్లు రాసుకున్నారు.

గంటలో తేలిపోయింది. పోలీసావిడ బాబాకి ఇంగ్లీషులో వివరించింది. ఆ దేశంలో పిల్లల్ని ఆరుబయట పడుకోబెడితే ఒంటికి మంచిదంటారు. చలికాలంలో కూడా అంతే. తల్లి లోపల కాఫీ తాగుతుంది, బిడ్డ ఏడిస్తే ఆవిడ దగ్గరున్న చిన్న యంత్రంలో వినబడుతుంది. ఈ తల్లి ఆ యంత్రం బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది, అంతే. అదేం విడ్డూరమో గాని, అక్కడ అదే పద్ధతి. సంగతంతా తెలిశాక ఆ తల్లి కళ్లు తుడుచుకుని వచ్చి, రత్నమణి చెయ్యి పట్టుకుని ఏదో అంది. మాట అర్థం కాలేదు గాని కోపంతో అన్నది కాదని తెలిసింది. పోలీసావిడ కూడా నవ్వి, వెళ్లండి అంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లు అలా క్షమించి పంపేశారు. వచ్చిన చిక్కంతా ఇంట్లోవాళ్లతోనే. హోటలుకి తిరిగి వెళ్లేటప్పుడు నాసర్ ఎప్పట్లాగే రత్నమణి వైపు చేతులు చాపాడు. మామా వాణ్ని తన ఒళ్లోకి లాక్కుంది. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి పిల్లవాడు తల్లి గదిలోనే పడుకున్నాడు. కువైట్ వచ్చాక మామా వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది, ఇకమీదట నువ్వు వంటింట్లో సాయం చెయ్యి, నాసర్‌ని ముట్టుకోవద్దు, ఏడ్చినా సరే ఎత్తుకోవద్దు, వాడికి వేరే మనిషిని తెప్పిస్తున్నాం అని. నాలుగో రోజుకి వంటింట్లోనూ హాల్లోనూ కెమెరాలు బిగించారు.

ఇదంతా విని పాల్‌రాజు గుండె మీద చెయ్యేసుకుని ఊపిరి వదిలాడు.

"ఓస్, ఇంతేనా అక్కా? నేనింకా బండెక్కించి పంపేత్తన్నారేమో అనుకున్నాను. పని తగ్గింది, జీతం తగ్గలేదు. రాత్రుళ్లు కంటినిండా నిద్ర. ఇంకేటి కావాలి నీకు?"

"వాణ్ని ఎత్తుకోవద్దన్నార్రా."

"వాళ్ల బిడ్డక్కా. వాళ్లిష్టం."

వాళ్ల బిడ్డే. కాదనడానికి రత్నమణి ఎవరు? మామాకి కాన్పు కష్టమై మూడు నెలలు మంచం దిగలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచి నాసర్ పడుకున్నది రత్నమణి పక్కలోనే. పాలు పట్టింది, పళ్లొచ్చేటప్పుడు జ్వరమొస్తే నాలుగు రాత్రులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, మొదటి అడుగు వాడు వేసింది ఆవిడ వైపే. అలాగని ఏ కాగితం మీదా రాసి లేదు. ఇఖామా మీద ఇంటిపని అని ఉంది, అంతే. తమ్ముణ్ని బాబాకి ఒక్కసారి ఫోను చేసి మాట్లాడమని అడిగింది. పాల్‌రాజు తల గీరుకున్నాడు. నేనెవర్నని చెప్పుకుని మాట్లాడను అన్నాడు, ఆయనకి చిరాకేసి టికెట్ చేతిలో పెట్టి ఖలాస్ అంటే నువ్వు వాణ్ని కళ్లతో చూసుకునే దారి కూడా పోతుంది కదా అన్నాడు. అది నిజమే. రత్నమణి గిన్నెలు కడగడం ముగించి ఫహాహీల్ బస్సు ఎక్కింది.

ఇంట్లో వంట చేసేది హుస్సేన్ బీ, కడప వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా కువైట్‌లో ఉంది, అరబ్బీ గడగడా మాట్లాడుతుంది, మామాకి ఎదురుచెప్పగలిగింది ఆ ఇంట్లో ఆవిడొక్కతే. రత్నమణి అన్నం సరిగా తినకుండా తిరగడం చూసి ఒకరోజు చాయ్ పట్టుకెళ్లే వంకతో మామా దగ్గర కూర్చుంది. తిరిగొచ్చేసరికి ఆవిడ మొహంలో కళ లేదు.

"అడిగినా మే. ఆయమ్మ నీ మింద కోపంగా ల్యాదు. నువ్వు తప్పు జేసినావని గూడా అనలేదు. ఆ పొద్దు ఆ తెల్లామె కేకేసినప్పుడు తన బిడ్డే పోయినట్లు అనిపించిందంట. నువ్వు నాసర్‌ను ఎత్తుకుంటే సాలు, ఆ కేకే వినబడతాదంట చెవుల్లో. నేనేం జేసేది హుస్సేన్ బీ అని ఏడ్చింది. ఇంగ నేనేం మాట్లాడేది?"

కోపమైతే కాళ్లు పట్టుకునేది రత్నమణి. అనుమానమైతే బైబిల్ మీద చెయ్యేసి ప్రమాణం చేసేది. భయానికి ఏం చేస్తారు? ఆవిడ ఉల్లిపాయల బుట్ట దగ్గరికి లాక్కుని తరగడం మొదలుపెట్టింది. ఎందుకేడుస్తున్నావని అడిగేవాళ్లుండరు కదా.

మంగళవారం కొత్త మనిషి వచ్చింది. ఫిలిప్పీన్స్ పిల్ల, పేరు మరిసెల్, ఇరవై నాలుగేళ్లు. నెమ్మదైన మనిషి, చేతులు శుభ్రం. తిట్టుకుందామంటే తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు రత్నమణికి. పిల్లవాడి అలవాట్లన్నీ ఆ అమ్మాయికి చెప్పమని మామా పురమాయించింది. వచ్చీరాని అరబ్బీతో, చేతి సైగలతో చెప్పింది. గుడ్డులో తెల్లసొన తినడు, పచ్చసొన తింటాడు. స్నానానికి నీళ్లు గోరువెచ్చగా కాదు, ఇంకొంచెం వేడిగా ఉండాలి. ఎడమ చెవికి నీళ్లు తగలనివ్వకూడదు. చెబుతూనే ఉంది గాని, ఒక్కొక్క మాటా అంటున్నప్పుడు ఒంటి మీది బట్ట ఎవరో విప్పుకుపోతున్నట్టుంది.

నాసర్ లొంగలేదు. మూడు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. వాడికి రెండేళ్లు నిండలేదు. నోటికి వచ్చిన పాతిక ముప్పై మాటల్లో సగం అరబ్బీ, సగం తెలుగు. మరిసెల్ పాలిస్తే తోసేశాడు, బొమ్మ ఇస్తే విసిరేశాడు. చేతులు పైకెత్తి ఆ అమ్మాయి చుట్టూ తిరుగుతూ, "ఎత్తుకో, ఎత్తుకో" అని ఒకటే పోరు. ఆ అమ్మాయికి ఏం తెలుస్తుంది? చేతులు ఎత్తుతున్నాడు కదా అని మొదటిరోజు ఎత్తుకోబోయింది. చంకల కింద పట్టుకుని లేపితే వాడు గిలగిల్లాడి కిందికి జారిపోయాడు. దాంతో, వీడికి కావలసింది ఇది కాదు అనుకుంది. నీళ్లు తెచ్చింది, అరటిపండు తెచ్చింది, డయపర్ మార్చింది. వాడు నేల మీద పడి పొర్లాడు.

వంటింట్లో బెండకాయలు కోస్తున్న రత్నమణికి ప్రతి మాటా వినబడుతోంది. నెత్తిన కెమెరా. హుస్సేన్ బీ పొయ్యి కట్టేసి దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించి చెప్పింది.

"నువ్వు పలకాకు మే. నోరు కట్టుకోని కూసో. ఇంగ రెండు దినాలు ఇట్లే ఏడ్చినాడంటే ఆ పిల్ల చేత గాదు. మామానే వచ్చి నిన్ను పిలిచ్చాది. ఆయమ్మ భయం ఎంతసేపు, బిడ్డ కూడు తినకుంటే?"

హుస్సేన్ బీ ఇరవై ఏళ్ల అనుభవంతో చెప్పిన మాట అది. తీసిపారేయాల్సింది కాదు. రత్నమణికి ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. రెండు రోజులు. రెండే రోజులు చెవులు మూసుకుంటే చాలు, వాడు మళ్లీ తన పక్కలోకి వస్తాడు. ప్రభువా, రెండు రోజులు ఓర్పియ్యి అని మనసులో అనుకుంది కూడా. కత్తి కింద బెండకాయ కదలకుండా ఉండిపోయింది.

హాల్లో నాసర్ ఏడుపు బొంగురుపోయింది. మధ్యలో ఎక్కిళ్లు. ఆ ఎక్కిళ్లు రత్నమణికి తెలుసు. అవి మొదలయ్యాయంటే వాడు తాగిందంతా కక్కేస్తాడు, ఆ తర్వాత ఒళ్లు కాలిపోతుంది. ఇంకో ఎక్కిలి. "ఎత్తుకో" అన్న మాటలో ఇప్పుడు సగమే బయటికి వస్తోంది.

అయిదు నిమిషాలు కూడా ఓర్చుకోలేకపోయింది.

చేతులు కడుక్కుని వంటింటి గుమ్మం దాకా వచ్చి నిలబడింది. గుమ్మం దాటలేదు. నాసర్ ఆవిణ్ని చూసి లేచి పరుగెత్తుకొచ్చాడు. చేతులు పైకెత్తి మోకాళ్లను చుట్టేసుకున్నాడు. రత్నమణి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. వాడు ఆ చేతుల కోసం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాడు. ఆవిడ చేతులు ముందుకి తెచ్చి గుండెకి అదుముకుంది. వాడు తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. ఎందుకిలా చేస్తున్నావన్నట్టు చూశాడు. ఏం చెప్పను నాన్నా అనుకుంది.

మరిసెల్ చెమటలు కక్కుతూ వచ్చి నిలబడింది. ఆ పిల్ల కళ్లల్లోనూ నీళ్లే. పని పోతుందేమోనని భయం. ఏం కావాలంటున్నాడు అని సైగతో అడిగింది.

"ఎత్తుకోమంటున్నాడు. షీలీ, షీలీ," అంది రత్నమణి, ఎత్తుకో అని అరబ్బీలో.

ఎత్తుకున్నాను, దిగిపోయాడు అని ఆ అమ్మాయి చూపించింది. రత్నమణి తల అడ్డంగా ఊపింది. అలా కాదు. గాల్లోనే చేసి చూపించింది. ఎడమ చెయ్యి తుంటి కింద, కుడి చెయ్యి వీపు మీద, తల నీ కుడి భుజం మీదికి రావాలి, ఆ తర్వాత కదలకుండా నిలబడకు, ఊగుతూ నడు. వీపు మీద గట్టిగా తట్టాలి, మెల్లగా తడితే వాడికి నచ్చదు. ఖాళీ చేతులతో అలా ఊగుతూ రెండడుగులు వేసింది. హుస్సేన్ బీ పొయ్యి వైపు తిరిగి నిలబడిపోయింది.

మరిసెల్ ఆవిడ చూపించినట్టే చేసింది. నాసర్ మొదట కాళ్లు తన్నుకున్నాడు. ఆ అమ్మాయి భుజం మీంచి రత్నమణి వైపు చెయ్యి చాపాడు. చెయ్యి చాలాసేపు అలాగే ఉంచాడు. మరిసెల్ గట్టిగా తట్టింది, ఊగింది. ఎక్కిళ్లు తగ్గాయి. చెయ్యి కిందికి వాలింది. తల భుజం మీద పెట్టేశాడు. ఏడుపు ఆగిందని మామా మేడ మీంచి దిగొచ్చి, మరిసెల్ తల నిమిరి, జేన్, జేన్, బాగుంది బాగుంది అని మెచ్చుకుంది. వంటింటి వైపు ఒకసారి చూసి మళ్లీ మేడెక్కింది. రత్నమణి వెళ్లి మిగిలిన బెండకాయలు కోసింది.

మర్నాడు పొద్దున నాసర్ నిద్ర లేచి, కళ్లు నులుముకుంటూ హాల్లోకి వచ్చాడు. వంటింటి గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, రత్నమణి వైపు చూశాడు. చేతులు ఎత్తలేదు. నేరుగా మరిసెల్ దగ్గరికి నడిచి వెళ్లి, ఆ అమ్మాయి ముందు నిలబడి, "ఎత్తుకో" అన్నాడు.

ఆ అమ్మాయికి అర్థమైంది.